తప్పుకు చప్పట్లు

మా బేకరీలో పొయ్యి చూసే భట్టీ మనిషి చేత పని మానిపించారు. తిట్టి కాదు, కొట్టి కాదు, దొంగతనం అంటగట్టి కాదు. తప్పు చేసినవాడు పదిమందిలో నిలబడి తన తప్పు తానే చెప్పుకోవాలి, విన్నవాళ్లు చప్పట్లు కొట్టాలి అని ఒక పద్ధతి తెచ్చిపెట్టి మానిపించారు. ఏళ్ల తరబడి నిప్పు ముందు నిలబడ్డ మనిషి ఒక పొద్దున ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతనికి అన్యాయం జరిగింది. ఈ మాట ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటున్నాను.

మెడలో బిళ్ల వేసుకొని, టీమ్ లీడర్లమని చెప్పుకుంటూ తిరిగే పిల్లలు మా గల్లీలో కూడా ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. మా మనవరాలూ అందులో ఒకతె. "తాతా, నీ లీడర్‌షిప్ ముచ్చట రాయరాదూ" అని ఆమే నా వెంటపడింది. నాది లీడర్‌షిప్పో కాదో నాకు తెలియదు. మా కాలంలో దాన్ని ఉస్తాద్‌గిరీ అనేవాళ్లు. జరిగింది జరిగినట్టు, నాకు తెలిసివచ్చిన వరసలోనే రాస్తాను. ముందే తీర్పు చెప్పకండి. తీర్పులు చెప్పడం కూడా మీకిప్పుడు ఫోన్లో వేలితో నొక్కినంత సులువైపోయింది.

మాది గౌలిపుర. ఇంట్లో బర్రెలు, వాకిట్లో పేడ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక లొల్లి. మా నాయన పాలు పోసే దుకాణాల్లో పాతబస్తీలోని ఒక బిస్కెట్ల బేకరీ ఉండేది. పాల క్యాన్ దించడానికి పోయి, వెన్న కాలే వాసనకు నేనక్కడే ఆగిపోయాను. బడికి పోయింది తక్కువ. బిస్కెట్లు పొట్లం కట్టడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చేవి, ఉర్దూవీ తెలుగువీ కలిసి. ఆ పేపర్ల మీదే చదవడం నేర్చుకున్నాను. సగం వార్త పొట్లంలో పోయేది, సగం నాకు మిగిలేది. అందుకే ఇప్పటికీ ఏది చదివినా మిగతా సగం ఇంకెక్కడో ఉందన్న అనుమానం నన్ను వదలదు.

బేకరీలో ఉస్తాద్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. పిండి కలిపేవాళ్లు, బిస్కెట్లు కోసేవాళ్లు, భట్టీ చూసేవాళ్లు, అందరి మీదా ఒక్కడు. సేఠ్ మాట్లాడేది ఉస్తాద్‌తోనే. పనివాళ్లకు కావలసింది అడిగేదీ ఉస్తాద్ ద్వారానే. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటి ఉండేది: తప్పు ఎవడిదైనా, సేఠ్ ముందు తల వంచేది ఉస్తాద్. పనివాడి పేరు బయటికి రాకూడదు.

నేను చేరిన కొత్తలో నా తోటివాడొకడు పిండిలో సోడా రెండుసార్లు వేశాడు. బిస్కెట్లు సబ్బు ముక్కల్లా తయారయ్యాయి. సేఠ్ ఒకటి కొరికి, ఉమ్మేసి, ట్రే ఎత్తి నేలకేసి కొట్టాడు. "కిస్‌నే కియా?" అన్నాడు. మా ఉస్తాద్ చేతులు కట్టుకొని ముందుకు వచ్చాడు. "నా చెయ్యే తప్పింది సేఠ్" అన్నాడు. సేఠ్ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. గడ్డం నెరిసిన మనిషి, తల ఎత్తలేదు. సేఠ్ పోయాక మా వాణ్ని కట్టెల గది వెనక్కి పిలిచి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత తనే చాయ్ తెప్పించి తాగించాడు. వాడు ఏడుస్తూ తాగాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పెద్దరికమంటే ఇదీ అని ఆ రోజే నా మనసులో పడిపోయింది. బయటి దెబ్బ తన వీపు మీద, లోపలి దెబ్బ తన చేతితో, ఆపైన చాయ్. ఏ క్లాసులో చెబుతారు మీకిది?

ఆయన పోయాక ఉస్తాద్‌గిరీ నాకు వచ్చింది. ఆ నియమాన్ని నేను ఒక్కనాడూ తప్పలేదు. నా కింద ఎన్ని చేతులు కాలాయో, ఎన్ని ట్రేలు మాడాయో, ఒక్క పేరు సేఠ్ చెవిన పడలేదు.

ఇక భట్టీ మనిషి. ఛత్రినాకలో కాపురం. నాకంటే బాగా చిన్న. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. కట్టెల భట్టీకి లోపలి గోడ వైపు వేడి ఎక్కువ, మూతి వైపు తక్కువ. అందుకని సగం కాలాక పొడుగు చెక్క పారతో ట్రేలు బయటికి లాగి, అటుది ఇటు తిప్పి మళ్లీ తోయాలి. ఎప్పుడు తిప్పాలన్నదే పనితనం. అతను భట్టీ మూతి దగ్గర మొహం పెట్టి, కళ్లు చికిలించి చూసి, తిప్పేవాడు. మాడిన బిస్కెట్ అతని చేతి నుంచి వచ్చింది బహు తక్కువ. వచ్చినప్పుడు, చెప్పాను కదా, అది నాది.

కాలం మారింది. పొగ మీద చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవపెట్టారు. పెద్ద సేఠ్ కుర్చీకే పరిమితమయ్యాడు. ఆయన కొడుకు జల్‌పల్లి దిక్కు ఒక షెడ్డు తీసుకొని మిషన్లు దించాడు. పిండి మిషనే కలుపుతుంది. ప్యాకెట్ మిషనే కడుతుంది. భట్టీ స్థానంలో మనిషంత ఎత్తున్న స్టీలు బీరువా లాంటిది వచ్చింది. ట్రేలు పేర్చిన బండిని లోపలికి తోసి తలుపు వేస్తే, బండి దానంతటదే గిరగిరా తిరుగుతుంది. కాలడం అయ్యాక గంట మోగుతుంది. మొహం పెట్టి చూడడానికి మూతే లేదు. మొదటి రోజు మా భట్టీ మనిషి దాని చుట్టూ రెండు చుట్లు తిరిగి, "మొఖం సూపియ్యని దానితోని ఎట్ల పనిజేస్తం ఉస్తాద్?" అన్నాడు. అందరం నవ్వాం.

మిషన్ల వెనకే మేనేజర్ వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయి, నా కూతురికంటే చిన్నది. "అండీ" లేకుండా మాట తెమలదు. వచ్చిన వారంలోనే పొద్దున్నే అందరినీ గుండ్రంగా నిలబెట్టింది. పాత బేకరీలో పిండి కలిపిన మా పిండి చాచా, ప్యాకింగ్ ఆడవాళ్లు, డ్రైవర్లు, నేను, అందరూ ఒకే గుండ్రంలో. ముందూ లేదు, వెనకా లేదు. ఉస్తాద్ ఎక్కడ నిలబడాలో కూడా తెలియని గుండ్రం.

"రోజూ ఒక పది నిమిషాలు ఇలా కలుద్దామండీ. నిన్న ఏం పొరపాటు జరిగిందో చేసినవాళ్లే చెబుదాం. ఎవరూ తిట్టరు. చెప్పినందుకు అందరం చప్పట్లు కొడదాం. ముందు నేనే చెబుతాను. అట్టపెట్టెల సైజు చూసుకోకుండా ఆర్డర్ ఇచ్చాను. ప్యాకెట్లు పట్టడం లేదు. తప్పు నాదే."

 మేనేజరు! పనివాళ్ల ముందు! ఇక రేపటి నుంచి ఈమె మాట ఎవడు వింటాడు? మా పెద్ద సేఠ్ తన చెయ్యి కాలినా నిప్పుదే తప్పన్నాడు తప్ప నాదనలేదు. అందరూ నా మొహం చూశారు. ఆమె తనే చప్పట్లు మొదలుపెట్టింది. ఒకరిద్దరు భయం భయంగా చేతులు కలిపారు.

పిండి చాచా నా చెవి దగ్గరికి వంగాడు. "క్యా ఉస్తాద్, తప్పు జేస్తే చప్పట్లా? గట్లయితే నాకు రోజూ బారాత్ తియ్యాలె!"

"నోర్ముయ్" అన్నాను.

నాలుగు రోజులు ఎవరూ నోరు విప్పలేదు. ఐదో రోజో ఆరో రోజో ప్యాకింగ్‌లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నిన్న డబ్బాల మీద తేదీ ముద్ర తల్లకిందులు గొట్టిన మేడం. అన్ని కొట్టినంక సూస్కున్న" అంది. చప్పట్లు పడ్డాయి. ఆమె సిగ్గుపడి నవ్వింది. మర్నాడు ఇంకొకామె. ఆ మర్నాడు డ్రైవర్. నెల తిరిగేసరికి తప్పులు చెప్పడానికి పోటీలు! పిండి చాచా అయితే చెయ్యని తప్పు కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడని నా అనుమానం. నేను మాత్రం ఒక్కరోజూ చేతులు కలపలేదు. మా భట్టీ మనిషీ నోరు విప్పలేదు. అది చూసి లోపల సంతోషపడ్డాను. నా మనిషి, నియమం తెలిసినవాడు.

ఆ మధ్యనే మాకు లీడర్‌షిప్ క్లాసు కూడా పెట్టించారు. గోడ మీద బొమ్మలు వేస్తూ ఒక కుర్రాడు వచ్చాడు. "కళ్లు మూసుకొని వెనక్కి పడండి, మీ టీమ్ పట్టుకుంటుంది. నమ్మకం అంటే అది" అన్నాడు. పిండి చాచా, "నేను వడితే పట్టినోడు సీదా దవాఖానకే" అన్నాడు. నా వంతు వచ్చింది. పడనన్నాను.

"ఎందుకు సార్?"

"ఉస్తాదే వడితే పనోళ్లు ఏడికి పోతరు?"

కుర్రాడు నవ్వి, బోర్డు మీద 'ఆలోచన మారాలి' అని రాశాడు. నన్ను చూసే రాశాడు. మా భట్టీ మనిషిని పిలిస్తే మాత్రం మారుమాట లేకుండా వెళ్లి, కళ్లు మూసుకొని కట్టెలా వెనక్కి వాలిపోయాడు. నలుగురు పట్టుకున్నారు. వాళ్ల చేతుల మీద ఉండగానే పకపకా నవ్వాడు. ఇన్నేళ్లలో అతను అట్లా నవ్వగా నేను చూడలేదు. నాకది నచ్చలేదని దాచుకోకుండా చెబుతున్నాను.

కొన్నాళ్లకు మేడం నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. "ఉస్తాద్ గారూ, మీరు లేని రోజున ఇక్కడ పని ఎలా జరుగుతుందండీ?"

"నేను లేని రోజు లేదు మేడం."

"అదే నా భయమండీ" అంది. ఆగి, "మధ్యాహ్నం నుంచి రెండో షిఫ్ట్ మొదలుపెడుతున్నాం. దానికి లీడర్‌గా మీ భట్టీ ఆయన్ని అనుకుంటున్నాను. మీరేమంటారు?"

విస్తుపోయాను. మాలో ఉస్తాద్ దిగిపోయే రోజున తన తర్వాతివాడెవరో ఉస్తాదే చెబుతాడు. నేనింకా నిలబడే ఉన్నాను. "వాడు చేతి మనిషి మేడం. నోటి మనిషి గాదు" అన్నాను.

"మాట్లాడే అవకాశం ఎప్పుడైనా వచ్చిందా అండీ ఆయనకి?"

"అవసరం రాలే."

"ఇప్పుడు వస్తుంది. రెండో షిఫ్ట్‌లో మీరుండరు, నేనుండను. పదిమంది ముందు నిలబడి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పగలిగితే చాలు. ఆ మాత్రం ఆయన చేయగలరని నాకు నమ్మకం. ఒకసారి చూద్దాం."

అంటే సంగతి మీకు అర్థమైంది కదా. అతను నోరు విప్పితే ఉస్తాద్ అవుతాడు. విప్పకపోతే జీవితాంతం ఆ స్టీలు బీరువా తలుపు తీస్తూ వేస్తూ ఉండాలి. నేను అతని చెడు కోరలేదు. కోరానని ఎవరైనా అంటే వాళ్ల నాలుక పుచ్చిపోను. నా లెక్క వేరు. నేను దిగిపోయే ముందు నా చేత్తో నేనే అతన్ని నిలబెడదామనుకున్నాను. సమయం చూసి.

అప్పుడు వాపసు వచ్చింది మాల్. పెద్ద దుకాణాలకు మేము మొదటిసారి పంపిన సరుకు. డబ్బాలకు డబ్బాలు వెనక్కి వచ్చి షెడ్డులో గోడ పక్కన పడ్డాయి. బిస్కెట్లు మెత్తబడిపోయాయి. ఒకటి విరిచి చూశాను. పైన రంగు బంగారంలా ఉంది. నడిమధ్య పచ్చి. చూడగానే తెలిసిపోయింది. మా భట్టీ మనిషి సగం కాలాక మిషన్ ఆపి, తలుపు తీసి, ట్రేలు చేత్తో అటూ ఇటూ తిప్పాడు. బండి దానంతటదే తిరుగుతున్నా సరే! తలుపు తీసేసరికి వేడి పోయింది. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. కట్టెల భట్టీ చూసినవాడు తప్ప ఇంకొకడు చెయ్యని తప్పు అది. కొత్తగా చేరినవాడైతే గంట మోగేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు.

అతను నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నేనే ఉస్తాద్. లోపట ఏమైతున్నదో అని మనసాగలే. తీసి తిప్పిన."

"ఎర్కే. నోరు మూస్కో. నేను జూస్కుంట."

"వద్దు ఉస్తాద్. రేపు నేను చెప్త."

"ఏం చెప్తవ్?"

"తప్పు నాదని. ఇంకోడు మల్ల గట్ల జెయ్యకుంట ఎందుకు జేసిన్నో చెప్త."

"నీకేమన్న పిచ్చి లేసిందా? దుకాణాలోళ్లు మాల్ వాపస్ కొట్టిర్రు. సేఠ్ కొడుకు వస్తున్నడు రేపు. పొయ్యి పని జూస్కో."

అతను ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోతే సరేనన్నట్టే. ఎప్పుడూ అంతే. నేనట్లాగే అనుకున్నాను.

మర్నాడు గుండ్రంలో సేఠ్ కొడుకు కూడా నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకొని. మేడం, "ఇవాళ ఎవరు మొదలుపెడతారు?" అంది. ఎవరూ కదల్లేదు. గోడ పక్కన డబ్బాలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి. అప్పుడు మా భట్టీ మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. గడ్డం గీసుకొని, ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడని అప్పుడు చూశాను. చేతులు రెండూ ఏప్రన్ జేబులో దోపుకున్నాడు.

"వాపస్ వచ్చిన మాల్..." అన్నాడు. ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "గది... గది ఎట్లయిందంటే..."

మళ్లీ ఆగాడు.  సేఠ్ కొడుకు కనుబొమలు పైకి లేచాయి. ఆ ఒక్క క్షణంలో నాకు పాత బేకరీ, నేల మీద పడ్డ ట్రే, తల వంచిన మా ఉస్తాద్, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నేను బతికుండగా నా మనిషి అట్లా నీళ్లు నములుతూ నిలబడడమా! నా కాళ్లు నన్ను అడగలేదు.

"అది నా తప్పు" అంటూ గుండ్రం నడుమకు వచ్చేశాను. "మిషన్ మీద నేను సరిగ్గ చెప్పలే. ఏమనాలన్నా నన్ననండి. నువ్వు పో, ఎన్క నిలబడు."

మేడం గబగబా, "ఉస్తాద్ గారూ, దయచేసి ఆయన్ని మాట్లాడనివ్వండి" అంది.

"ఉస్తాద్ ఉండగ పనోడు తప్పు చెప్పుడు మా దగ్గర లేదు మేడం."

ఆమె అతని వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఫరవాలేదు, నిదానంగా చెప్పండి."

అతను నా వైపు చూశాడు. ఆ చూపును నేను చాలాకాలం కృతజ్ఞత అనుకున్నాను. "ఉస్తాద్ చెప్పిండు గద మేడం" అన్నాడు. "అయిపాయె."

వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.  అప్పుడు, అలవాటైపోయిన చేతులు కదా, ప్యాకింగ్ వైపు నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. నాకు! ఆ చప్పట్లను నెలల తరబడి అసహ్యించుకున్న నాకు!  పిండి చాచా ఒక్కడే చేతులు కట్టుకొని ఉన్నాడు. 

గుండ్రం విడిపోయాక అతను ఏప్రన్ విప్పాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ లేదు. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. రెండో షిఫ్ట్‌కు బయటి నుంచి ఎవరినో తెచ్చి పెట్టారు, టక్ చేసుకున్న మనిషిని. బిస్కెట్ తినడం తప్ప బిస్కెట్ గురించి ఏమీ తెలియదు. కానీ మాట్లాడతాడు.

నేను మేడం గదిలోకి పోయి నిలబడే అడిగాను. "మంచి పనోడు పాయె. నలుగుట్ల నిలబెట్టి ఇజ్జత్ తీస్తిరి. సంతోషమేనా?"

ఆమె ఎదురు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.  "నా పొరపాటూ ఉందండీ. మీకు ముందే చెప్పి ఉండాల్సింది. కానీ ఆయన ఎందుకు మానేశారో నేను చెబితే మీరు నమ్మరు. ఆయన్నే అడగండి" అంది.

మళ్లీ తన తప్పే! ఈమెకు తప్పులు ఒప్పుకోవడం తప్ప ఇంకో పని లేదా అనుకున్నాను.

పెద్ద సేఠ్ ఇంటికి పోయాను. కుర్చీలో దుప్పటి కప్పుకొని ఉన్నాడు. ఈ మీటింగుల లొల్లి ఆపించమన్నాను, భట్టీ మనిషిని తిరిగి పిలిపించమన్నాను.

"భట్టీ మనిషి? కౌన్ ఉస్తాద్, గా పొడుగాయననా?"

"కాదు సేఠ్. పొట్టిగుంటడు. ఇన్నేండ్ల సంది మన దగ్గరనే ఉన్నడు."

"అచ్ఛా అచ్ఛా" అన్నాడు సేఠ్, గుర్తుకు రాకపోయినా. "అరె, నువ్వున్నవ్ గద ఉస్తాద్. నువ్వుంటే భట్టీ నడుస్తది. నాకేం ఫికర్?"

ఆ మాట ఇంకో రోజు విని ఉంటే ఛాతీ ఉబ్బేది. ఆ రోజు ఎందుకో గేటు దాటేదాకా చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయాను.

బోనాలప్పుడు ఛత్రినాకలో వాళ్లింటికి పోయాను. గల్లీ నిండా వేపకొమ్మలు, డప్పులు, మైకులు. అతని భార్య తలుపు సగం తీసింది. "లేడు మామా" అంది. లోపల గోడ పక్కన అతని చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. "కూసో, బోనం పెట్టిన, జరంత తిని పో" అని పళ్లెంలో పెట్టి ఇచ్చింది. తిన్నాను. తిన్నంతసేపూ లోపలి గదిలో ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. లేచి వచ్చేశాను.

దసరా తర్వాత నేనూ పని మానేశాను. మోకాళ్లు, ఆ పైన ఆ గుండ్రం. ఇంట్లో కూర్చుంటే మనసొప్పలేదు. మా మనవరాలు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపడం నేర్పింది. పంపాను. ఒకటి కాదు. "నీకు ఇజ్జత్ పోయిందని నాకెర్క. నేను సేఠ్ కొడుకుతోని మాట్లాడిన. నిన్నెవ్వరు మీటింగ్‌ల నిలబెట్టరు. మేడంకు గూడ చెప్పిన. వాపస్ రా బిడ్డా" అని. రెండు నీలం గీతలు పడతాయి. జవాబు ఉండదు. మేడం ఒప్పుకున్న మాట నిజమే. అతను వస్తానంటే అతను అడిగినట్టే ఉంటుందంది. ఇక అతనికి అడ్డమేమిటో నాకు అంతుపట్టలేదు.

పిల్లలూ, మీరు నన్ను పాతకాలపు మొండివాడినని అనుకుంటున్నారేమో. అనుకోండి. తప్పుకు చప్పట్లు కొట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కింది వాడి మీద పడే దెబ్బ పైవాడు కాచుకోవాలి అన్న మాటను నేను వదులుకోను. మీ పెద్ద పెద్ద ఆఫీసుల్లో పైవాడు తప్పించుకొని కిందివాణ్ని ముందుకు తోసే కథలు మా మనవరాలు చెబుతుంటే వింటూనే ఉన్నాను. దానికంటే మా ఉస్తాద్ వెయ్యిరెట్లు నయం. ఆ మాట మీద ఎవరితోనైనా కొట్లాడతాను. అయినా ఈ ముచ్చట అక్కడితో ఆగలేదు కాబట్టి నేనూ ఆపలేను.

మొన్న చలికాలంలో, పొద్దున ఎండకు గడప మీద కూర్చొని ఉండగా ఫోన్ మోగింది. జవాబు. అతని గొంతు. ఇంత పొడుగు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మొదటిసారి విని ఫోన్ పక్కన పెట్టేశాను. లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చి మళ్లీ విన్నాను. నా మనవరాలు కాగితం మీద రాసిపెట్టింది. ఒక్క మాట మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను:

"ఉస్తాద్, దండాలు. నువ్వు పంపినయన్ని విన్న. బోనాలప్పుడు ఇంట్లనే ఉన్న, బయటికి రాలే. తప్పే, ఏమనుకోకు. నీ మీద కోపం లేదు ఉస్తాద్. నువ్వు అన్నం పెట్టినవ్, పని నేర్పినవ్. కాని ఒక్కటి చెప్త. నన్నెవ్వరు నిలబెట్టలే. నేనే నిలబడ్డ. ముందు దినం మేడం తానికి నేనే పొయ్యి అడిగిన, రేపు నేను మాట్లాడ్త అని. ఇంట్ల మా ఆమెను కుర్చీల కూసోబెట్టి, గామె ముంగట నిలబడి చెప్పి జూస్కున్న. గామె నవ్వింది, మంచిగనే చెప్తున్నవ్ అన్నది. పొద్దుగాల గొంతు పట్టింది, నిజమే. ఇంకొక్క నిమిషం ఆగితే వచ్చేది ఉస్తాద్. నువ్వు ఆగలే. నువ్వు నన్ను కాపాడిన్నని అనుకుంటున్నవ్. మంచిగ జేస్తే ఉస్తాద్ జేపిచ్చిండు, చెడగొడితే ఉస్తాద్ తప్పు. మరి గాడ ఇన్నేండ్లు నేనేం జేసినట్టు? తప్పన్న నాదైతే, జేసింది నేనని నలుగురికి ఎర్కయ్యేది. గది గూడ నువ్వే తీస్కున్నవ్. ఇప్పుడు వాపస్ రమ్మంటున్నవ్. వస్త. కాని ఎవలి లెక్క రావాలె ఉస్తాద్, నీ మనిషి లెక్కనా, నా లెక్కనా? గది చెప్పు."